చేయి చేసుకోవడానికి గడి లేదు

“అక్కా, మీ స్టేషన్లో నిజంగా ఎవర్నీ కొట్టరా?”

ఫోన్లో ఈ ప్రశ్న వేసిన అమ్మాయికి వెటకారం చేసే ఉద్దేశం లేదు. లెక్కల ఆఫీసులో కొత్తగా చేరింది. తన కంప్యూటరు తెర మీద ఆ స్టేషనుకు ఎదురుగా ఏడాది పొడవునా ‘నిల్’, ‘నిల్’ అని కనిపిస్తుంటే, సంతోషించాలో అనుమానించాలో తేలక ఫోను చేసింది. ఇవతల ఎత్తింది స్టేషను రైటరమ్మ. ఆవిడ జవాబులోనూ వెటకారం లేదు.

“కొట్టడమెందుకమ్మా? అప్పుడప్పుడూ నాలుగు తగిలిస్తారు, అంతే.”

ఆ అమ్మాయి చాలా మెల్లిగా, “మరి నిల్ అని పంపిస్తున్నారు కదక్కా?” అంది.

“మీరడిగేది బలప్రయోగం లెక్క కదమ్మా. మా దగ్గర బలప్రయోగాలేం జరగవు.”

ఆవిడ అబద్ధం చెప్పిందనుకుంటే పొరపాటు. అబద్ధాల సంగతి ఆవిడకు బాగా తెలుసు. స్టేషను రైటరంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇతరుల అబద్ధాలను మంచి దస్తూరీతో కాగితం మీద పెట్టే ఉద్యోగం. ఫిర్యాదులు, వాంగ్మూలాలు, పోయిన సెల్‌ఫోన్లు, దొరికిన సైకిళ్ళు అన్నీ ఆవిడ చేతి మీదుగానే పోవాలి. పేరుకు కానిస్టేబులే అయినా ఆవిడ లాఠీ పట్టి ఏళ్ళు గడిచాయి. పట్టింది పెన్ను, ఆ తర్వాత కీబోర్డు. అందుకే వీధి మొత్తానికి ఆవిడ రైటరమ్మ. పాలు పోసేవాడికీ అంతే, అద్దె వసూలు చేసే ముసలాయనకీ అంతే.

ప్రతి స్టేషనూ తాను ఎవరి మీద ఎంత బలం వాడిందో నెలనెలా లెక్క చెప్పాలని చట్టం వచ్చినప్పుడు ఆ ఫారం ఆవిడ బల్ల మీదికే వచ్చింది. చట్టం చేసినవాళ్ళు చదువుకున్నవాళ్ళు. ఆలోచించి, తర్కించి, ‘బలప్రయోగం’ అనే మాట ఎంచుకున్నారు. తెలుగులో కొట్టడానికి ఉన్నన్ని మాటలు పెట్టడానికి లేవన్న సంగతి వాళ్ళకు తట్టలేదు. వాయించడం, ఉతికి ఆరేయడం, తోమడం, తాట తీయడం, బడితెపూజ, దేహశుద్ధి, వీపు విమానం మోత. స్టేషన్లో అయితే కోటింగ్, మర్యాద. వీటిలో ఏ ఒక్కటీ చట్టంలో లేదు. బలప్రయోగం అనగానే స్టేషన్లో అందరికీ తోచేది ఒకటే బొమ్మ: నడిరోడ్డు, వేల మంది జనం, పొగ, పరుగులు. పేపర్లో పడేది బలప్రయోగం. వెనక గదిలో అయ్యేది మర్యాద. ఆ లెక్కన నిల్ అనేది నిఖార్సయిన నిజం.

లెక్కల ఆఫీసు అమ్మాయి ఫోన్లోనే నిర్వచనం చదివి వినిపించింది. శరీరానికి తగిలే ఏ దెబ్బయినా, నెట్టడమైనా, చేయి వెనక్కి విరవడమైనా లెక్కలోకి వస్తుందట. పైగా దెబ్బ తిన్న మనిషి అడిగితే ఆ నమోదు నకలు ఇవ్వాలట. రైటరమ్మ ఆ మాటే తీసుకెళ్ళి ఇన్‌స్పెక్టరుకు చెప్పింది. ఆయన టీ గ్లాసు దించకుండానే, “తగిలించినవన్నీ రాస్తూ కూచుంటే తగిలించేదెవరు తల్లీ?” అన్నాడు. గది గదంతా నవ్వింది. ఆవిడా నవ్వింది.

ఇక్కడ ఆవిడ అంతరాత్మ మేల్కొందని రాస్తే అందరికీ హాయిగా ఉంటుంది. మేల్కోలేదు. ఆ నెలా నిల్ అనే పంపింది, పై నెలా అంతే. మారింది ఒక్కటే. అంతవరకూ వెనక గది చప్పుళ్ళు ఆవిడకు పంకా చప్పుడుతో సమానం. ఉన్నాయని తెలుసు గానీ వినపడేవి కావు. ఇప్పుడు వినపడసాగాయి. ఎవరి వాంగ్మూలమో టైపు చేస్తూ చేస్తూ, గోడ అవతల చప్పుడు కాగానే వేళ్ళు ఆగిపోయేవి. ఇదే గడిలోకి వస్తుంది, అనుకునేది. మళ్ళీ టైపు చేసుకునేది.

ఆ కాలంలోనే స్టేషను వెనక కుళాయి చెడింది. చెడింది అంటే ఒకనాడు చెడిందని కాదు, చాన్నాళ్ళుగా కారుతూ కారుతూ పాత ఫైళ్ళ గది గోడను నానబెట్టింది. గోడ ఉబ్బి, ఫైళ్ళకు బూజు పట్టాక ప్లంబరును పిలిపించారు. అదే వీధుల్లో తిరిగే మనిషి. రైటరమ్మ ఇంట్లో వంటింటి సింకు బాగుచేసిందీ ఆయనే. పైపు మార్చి, వాషర్లు వేసి, బిల్లు ఇచ్చి పోయాడు. రైటరమ్మ ఆ బిల్లుకు ఓచరు రాసి, నంబరు వేసి, ఇన్‌స్పెక్టరు సంతకానికి పెట్టింది. సంతకం అయింది. నిధులు రాలేదు.

ప్లంబరు మొదటిసారి వచ్చినప్పుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మళ్ళీ వచ్చినప్పుడు కాస్త చనువు తీసుకుని, “నీళ్ళాపాను సార్, మీరు డబ్బులాపారు” అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు, ఒకళ్ళు టీ కూడా పోశారు. ఆ తర్వాతి సారి మాత్రం ఆయన ముఖంలో హాస్యం లేదు. ఇంట్లో ఏదో ఇబ్బంది ఉన్నట్టుంది. కౌంటరు దగ్గర ఉన్నది రైటరమ్మ మరిది, అంటే చెల్లెలి మొగుడు. అదే స్టేషన్లో కానిస్టేబులు, ముందురోజు నుంచీ ఇంటికి పోకుండా డ్యూటీలో ఉన్నాడు. రేపు రమ్మన్నాడు. రేపటికి రూపు లేదన్నాడు ప్లంబరు. గొంతులు లేచాయి. “పోలీసోళ్ళే ఎగ్గొడితే ఇంకెవరితో చెప్పుకోవాలయ్యా?” అన్న మాట పూర్తయిందో లేదో, మరిది చేయి లేచింది.

ఒకే ఒక్క దెబ్బ, ఎడమ చెవి మీద. ప్లంబరు కింద పడలేదు, ఆయన సంచీ పడింది. అందులోంచి రబ్బరు వాషర్లు నేలంతా దొర్లుకుంటూ బల్లల కిందికి పోయాయి. తర్వాత జరిగింది రైటరమ్మకు దెబ్బ కంటే ఎక్కువ గుర్తు. స్టేషను స్టేషనంతా వంగి వాషర్లు ఏరింది. మరిది కూడా మోకాళ్ళ మీద కూచుని, బీరువా కిందికి చేయి పెట్టి, దొరికినవన్నీ ఊది, తుడిచి సంచిలో వేశాడు. ప్లంబరు చెవి పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. సంచి అందుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ వచ్చినప్పుడు చెవిలో దూది ఉంది. డాక్టరు చీటీ తెచ్చాడు. కర్ణభేరికి చిల్లి పడిందట. తిన్నగా రైటరమ్మ బల్ల దగ్గరికే వచ్చాడు.

“నాకు కేసూ వద్దు, కోర్టూ వద్దమ్మా. నన్ను ఎందుకు కొట్టారో ఎక్కడో ఒకచోట రాయండి, చాలు.”

“రాస్తే ఏమొస్తుంది మేస్త్రీ?”

“పనొస్తుందమ్మా.”

ఆయన చెప్పిన సంగతి ఇది. ప్లంబరంటే ఇంటివాళ్ళు స్నానాల గదిలోకీ వంటింట్లోకీ ధీమాగా పంపే మనిషి. స్టేషన్లో దెబ్బ తిన్నాడన్న కబురు ఆయన కంటే ముందు వీధి చేరింది. పోలీసులు ఊరికే కొడతారా, నిప్పు లేందే పొగ రాదు అన్నారు. ఏం ఎత్తుకుపోయాడో అన్నారు. పిలిచిన ఇళ్ళు పిలవడం మానాయి. ఒకావిడ ఆయన సింకు కింద పని చేసినంతసేపూ వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూచుంది. ఆయన పెళ్ళాం కూడా ఒకటికి రెండుసార్లు, నాతోనైనా నిజం చెప్పు, అని అడిగిందట.

దొంగ కాబట్టి కొట్టలేదు, బాకీ అడిగితే కొట్టారు. ఈ ముక్క ప్రభుత్వం వారి కాగితం మీద కావాలి ఆయనకు. ఆ కాగితం రాసే చేయి రైటరమ్మది. కొట్టిన చేయి ఆవిడ చెల్లెలి ఇంటాయనది. పైగా ఆ నెలలోనే అతని పేరు హెడ్ కానిస్టేబులు పదోన్నతి జాబితాలోకి ఎక్కింది. ఫారంలో అతని నంబరు పడితే ఆ జాబితాలోంచి పేరు లేచిపోతుంది.

ఆ సంబంధం కుదిర్చింది రైటరమ్మే. తల్లి లేని చెల్లెలిని తన చేతుల మీద పెంచింది. పోలీసును చేసుకోవడమా అని చెల్లెలు గునిసినప్పుడు, నేను రోజూ చూస్తున్నాను కదే, చేయి చేసుకునే మనిషి కాదు అని హామీ ఇచ్చింది. భర్త పోయాక వాళ్ళింటి పైవాటాలోనే ఉంటోంది. కింద వాళ్ళు, పైన ఆవిడ. ఒకటే మెట్లు, ఒకటే కరెంటు మీటరు.

ఆ సాయంత్రం కిందికి దిగి, వాళ్ళ వంటింట్లో కూచుని, మరిదిని సూటిగా అడిగింది. స్టేషన్లో ‘మేడమ్’ అనేవాడు ఇంట్లో ‘వదినా’ అంటాడు. చెప్పులు విప్పుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు:

“చేయి చేసుకున్నానేమో గానీ, కొట్టలేదు వదినా.”

అతనూ అబద్ధం చెప్పడం లేదు. కొట్టడమంటే కసితో చేసేది. చేయి చేసుకోవడమంటే చేయి తనంతట తాను చేసేసేది. ఈ భాషలో చేతికి ఎప్పుడూ మనిషి పూచీ పడడు. రాయకు వదినా, ఒక్కసారికి వదిలెయ్, ఆ మేస్త్రి వైద్యం ఖర్చు నేను పెట్టుకుంటాను అని బతిమాలాడు. అతని గొంతులో నిజంగానే సిగ్గు ఉంది. కాసేపటికి పిల్లవాణ్ణి ట్యూషను నుంచి తెచ్చే నెపంతో బయటికి వెళ్ళాడు.

చెల్లెలు అంతసేపూ గిన్నెలు తోముతోంది. అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగింది.

“రాస్తావా అక్కా?”

“తెలీదే.”

“ఆ ప్లంబరు నీకేమవుతాడు?”

“ఏమవుతాడు, ఏమీ కాడు.”

“మరి ఏమీ కానివాడి మీద పడ్డ దెబ్బ రాస్తానంటున్నావు,” అంది చెల్లెలు, కుళాయి కట్టేస్తూ. “ఇన్నేళ్ళ నుంచీ పైనే ఉన్నావు. నా మీద పడ్డవి నీకు వినపళ్ళేదా? వినపడి కూడా రాయలేదా?”

గిన్నె జారిందనీ, తలుపు కొట్టుకుందనీ, పిల్లవాడు స్టూలు లాగాడనీ రైటరమ్మ అనుకున్న చప్పుళ్ళు చాలా ఉన్నాయి. అవన్నీ అప్పుడు అవే అని ఆవిడ గట్టిగా నమ్మింది. నమ్మకపోతే హామీ ఏం కావాలి?

“నన్ను రాయమంటున్నావా, మానమంటున్నావా?” అంది చివరికి.

“ఏమో,” అంది చెల్లెలు. “ఆ హెడ్డు జీతం వస్తే పిల్లాణ్ణి మంచి బళ్ళో వెయ్యాలనుకున్నాను. నాకేం తెలుసు? నువ్వు కదా రైటరువి.”

మర్నాడు రైటరమ్మ స్టేషనుకు పోయి కంప్యూటరు తెరిచి, ఆ నెల ఫారంలో ‘నిల్’ చెరిపి ‘1’ కొట్టింది. ధైర్యం వచ్చి కాదు. నిల్ అని కొట్టబోతే చెల్లెలి మాట వేళ్ళకు అడ్డం పడుతోంది, అంతే. ఒకటి అని కొట్టగానే, ఏడాదిగా నిల్ చూసి ముడుచుకు కూచున్న ఫారం నాలుగు పేజీలు విప్పుకుంది. మొదటి పేజీ మొదటి గడి: బలప్రయోగానికి గురైన వ్యక్తి కేసు నంబరు. అది నింపకపోతే తెర ముందుకు పోదు, ఎర్రగా వెలిగి అక్కడే మొండికేస్తుంది.

ప్లంబరు మీద కేసు లేదు. చట్టం చేసిన పెద్దలు అన్నీ ఆలోచించారు గానీ, ఏ కేసూ లేని మనిషిని కూడా స్టేషన్లో కొట్టొచ్చన్నది వాళ్ళ ఊహకు అందలేదు. వాళ్ళ దృష్టిలో పోలీసుల చేతిలో దెబ్బ తినాలంటే ముందు నేరస్థుడై ఉండాలి. ఆ సంగతిలో వాళ్ళకూ, ప్లంబరు వీధివాళ్ళకూ తేడా లేదు.

ఇన్‌స్పెక్టరుకు ఈ చిక్కు చెబితే ఆయన ఉదారంగా పరిష్కారం చూపించాడు. “నంబరే కదా కావాలి? విధి నిర్వహణకు అడ్డుపడ్డాడని ఒక కేసు పెట్టేద్దాం. నీ ఫారమూ నిండుతుంది, మనవాడూ బయటపడతాడు.” అంటే కొట్టారని రాయించుకోవడానికి వచ్చినవాణ్ణి ముద్దాయిని చేస్తే తప్ప కొట్టారని రాయడానికి వీల్లేదు. అలా రాస్తే మేస్త్రి వీధివాళ్ళు అన్న మాటే నిజమవుతుంది. ఆవిడ, ఆలోచిస్తాను సార్ అని బయటికొచ్చి, లెక్కల ఆఫీసు అమ్మాయికి ఫోను చేసింది.

ఆ అమ్మాయి పాపం అక్కడా ఇక్కడా కనుక్కుని, ఖాళీగా వదిలితే తీసుకోదక్కా, అంది. “ఆయన పేరుతో మీ స్టేషన్లో ఏ నంబరూ లేదా?”

ఉంది. ఒకటే ఉంది. రైటరమ్మ సొరుగు తెరిచి, వెనక కుళాయి మరమ్మతు ఓచరు తీసి, దాని మీద తన చేత్తోనే వేసిన నంబరు చూసి ఆ గడిలో కొట్టింది. తెర ఎరుపు మాని పచ్చబడింది. పేజీ తిరిగింది. కంప్యూటరుకు దొంగతనమైనా కుళాయైనా ఒకటే. దానికి కావలసినవి అంకెలు. కొట్టిన ఉద్యోగి నంబరు అడిగిన చోట మరిది నంబరు వేసింది. కారణం అడిగిన చోట ‘బాకీ అడిగినందుకు’ అని వేసింది. ఇన్‌స్పెక్టరు ఆమోదం ఆయన పాస్‌వర్డుతోనే జరగాలి, ఆ పాస్‌వర్డు ఎప్పటినుంచో ఆవిడ దగ్గరే ఉంది. నిల్ పంపడానికి ఇచ్చిన తాళంతో ఒకటి పంపింది. దీన్ని నిజాయితీ అనాలో మోసం అనాలో ఆవిడ తేల్చుకోలేదు. రెండూ అంది తర్వాత, ఈ ఫారం మీద పెట్టిన విచారణలో.

కొన్నాళ్ళకు అన్ని స్టేషన్ల లెక్కలూ బయటపెట్టారు. ఆ చుట్టుపక్కల అన్నీ నిల్. ఒక్కచోట ఒకటి. పేపరువాళ్ళు ఊరుకుంటారా? ‘బలప్రయోగంలో మొదటి స్థానం’ అని స్టేషను ఫొటోతో సహా వేశారు. పై అధికారి సభ పెట్టి, శాంతియుతంగా పనిచేసిన నిల్ స్టేషన్లన్నింటికీ షీల్డులు పంచాడు. వాటిలో ఒక స్టేషను షీల్డు అందుకోవడానికి వచ్చిన కానిస్టేబులు చేతికి కట్టు ఉందని, ఎవణ్ణో వాయిస్తుంటే బెణికిందని రైటరమ్మ స్టేషన్లో చాలా రోజులు చెప్పుకుని నవ్వుకున్నారు. ఆవిడ ఎదుట మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆవిడ ముందు మాట్లాడటమే మానేశారు.

ఇన్‌స్పెక్టరును బదిలీ చేశారు. పోతూ పోతూ ఆవిడ బల్ల దగ్గర ఆగి, “ఒకటి రాశావు, మొదటి ర్యాంకు తెచ్చావు. పది రాసుంటే నాకు పతకం వచ్చేదేమో తల్లీ” అన్నాడు. రైటరమ్మను దొరికిన వస్తువుల కౌంటరుకు మార్చారు. ఇప్పుడు గొడుగుల మధ్య కూచుంటుంది. పేరు మాత్రం రైటరమ్మే.

లెక్కల ఆఫీసు అమ్మాయి ఒకసారి ఆ కౌంటరుకే ఫోను చేసింది. మిగతా వాళ్ళ నిల్‌ను ఏం చెయ్యాలక్కా, అని. “నన్నడిగినట్టే వాళ్ళనూ అడగమ్మా. కానీ కొట్టారా అని అడక్కు, తగిలించారా అని అడుగు,” అని చెప్పింది రైటరమ్మ. ఆ అమ్మాయి దీన్ని సలహాగా రాసి పైకి పంపింది. ‘తగిలించడం’ అన్నది గ్రామ్యమనీ చట్టభాషకు తగదనీ తిప్పి పంపారు.

ప్లంబరుకు నకలు దొరికింది. ప్లాస్టిక్ కవరులో పెట్టి, వాషర్ల సంచిలోనే దాచుకున్నాడు. కొత్త ఇంటికి పిలిస్తే ముందు అది తీసి చూపిస్తాడు. కొందరు చదివి లోపలికి రమ్మంటారు. కొందరు కాగితం చూడగానే మాకెందుకొచ్చిన గొడవ అని తలుపు మూస్తారు. ఎడమ పక్క నుంచి పిలిస్తే ఆయనకు వినపడదు. పెళ్ళాం ఆ పక్కే కూచుని సణుగుతుందనీ, అదొక్కటే లాభమనీ అంటుంటాడు.

మరిది పేరు జాబితాలోంచి పోయింది. విచారణ సాగుతోంది. అతను వదిన మీద అరవలేదు, పల్లెత్తు మాట అనలేదు. మెట్ల మీద ఎదురైతే పక్కకు తప్పుకుంటాడు, స్టేషన్లో అన్నట్టు ‘మేడమ్’ అంటాడు. చెల్లెలు పైకి రావడం మానేసింది. కింది నుంచి ఇప్పుడు చప్పుళ్ళు రావడం లేదు. తగ్గాయో, చెల్లెలు తలుపులూ కిటికీలూ మూసుకుంటోందో ఆవిడకు తెలియదు. కిందికి దిగి అడగాలని రోజూ అనుకుంటుంది. మెట్ల దాకా వస్తుంది.

కేసు నంబరు గడిలో కుళాయి ఓచరు నంబరు ఎందుకుందన్నది విచారణలో ఒక అంశం. అందుకని ఆ ఓచరును సాక్ష్యం కింద ఫైలులో కట్టేశారు. విచారణ తేలేదాకా సాక్ష్యం మీద డబ్బు చెల్లించకూడదట. వెనక కుళాయి ఇప్పటికీ చుక్క కారడం లేదు. అది బాగుచేసినందుకు ప్లంబరుకు స్టేషను ఇవ్వాల్సిన నాలుగువందల ఎనభై ఇంకా ఇవ్వలేదు.